పెరట్లో కట్టెల ఓవెన్ (గుంటూరు): ప్లాన్ చూసి తప్పులు చెప్పండి

గోరంట్ల_పెరడు
ఇల్లు గుంటూరు గోరంట్లలో. వెనక 12 అడుగులు × 14 అడుగుల ఖాళీ ఉంది. కట్టెలతో మండే ఓవెన్ ఒకటి అక్కడ స్థిరంగా కట్టాలి. పిజ్జా, బ్రెడ్డు, కోడి రోస్టు, అప్పుడప్పుడు హండీలో దమ్ బిర్యానీ. ప్లాన్ ఇదీ: నేల మీద నాలుగంగుళాల కాంక్రీట్. దాని మీద మూడడుగుల ఇటుక దిమ్మ, లోపల మట్టి నింపి పైన స్లాబు. స్లాబు మీద నేరుగా నాపరాయి. ఆపైన 42 అంగుళాల వ్యాసంతో గుమ్మటం, మామూలు ఎర్రిటుకతో, సిమెంటు మాలుతో. పొగగొట్టం గుమ్మటం నడినెత్తిన. మేస్త్రి వారంలో అయిపోతుందంటున్నాడు. ఇంట్లోవాళ్లేమో మేడ మీద కడదామంటున్నారు. ఇటుక దింపకముందే అడుగుతున్నా, ఎక్కడెక్కడ తప్పుంది?

తెనాలి_తాపీ
పొగగొట్టం నడినెత్తిన మాత్రం వద్దు. మిగతావి తర్వాత మాట్లాడదాం.

సెంట్రింగ్_సివిల్
మేడ మాట ముందు తేల్చేద్దాం. మనుషులు తిరిగే డాబాకి ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువులు లెక్కేసే భారతీయ ప్రమాణం) రెండో భాగం ప్రకారం లెక్కేసే బరువు చదరపు మీటరుకి 150 కిలోలు. మీ ఓవెన్ ఆక్రమించేది రెండున్నర చదరపు మీటర్లు అనుకుంటే 375 కిలోలు. 36 అంగుళాల ఇటుక ఓవెన్ నేల, గుమ్మటం, ఆర్చి, మాలు, ప్లాస్టర్ అన్నీ కలిపి తొమ్మిది వందల కిలోల దగ్గరకి వస్తుంది. కింద స్లాబు, గోడలు కలిస్తే రెండు టన్నులు దాటుతుంది. పిల్లర్ల మీద, దూలాల మీద బరువు పడేలా డిజైన్ చేయిస్తే తప్ప డాబా మీద వద్దు. పెరడే.

ఇప్పుడు పెరడు సంగతి. గోరంట్ల వైపు నల్లరేగడే కదా? వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. నాలుగంగుళాల కాంక్రీట్ దాని మీద పడవలా తేలుతుంది. ఒక మూల లేస్తే చాలు, గుమ్మటం నిలువునా చీలుతుంది.

గోరంట్ల_పెరడు
నల్లరేగడే. మేలో చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి.

సెంట్రింగ్_సివిల్
అయితే స్లాబు కన్నా చుట్టూ అడుగు ఎక్కువ కొలతతో నల్లమన్ను తీసేయండి, కనీసం మూడడుగుల లోతు. గ్రావెల్ (మొరం మట్టి) తోలించి ఆరంగుళాల పొరలుగా వేసి, ప్రతి పొరా తడిపి దిమ్మిస కొట్టాలి. ఒకేసారి మూడడుగులూ నింపి పైపైన కొడితే అడుగున వదులుగానే ఉండిపోతుంది, రెండు వానలకి కుంగుతుంది. దాని మీద 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర) బెడ్ మూడంగుళాలు. ఆపైన అయిదంగుళాల స్లాబు, 8 ఎంఎం రాడ్లు ఆరంగుళాలకి ఒకటి చొప్పున రెండు వైపులా. వాన నీళ్లు ఆ చుట్టుపక్కల నిలవకుండా నేల వాలు బయటికి పెట్టండి. నల్లమన్ను ఉబ్బడానికి కావాల్సింది ఆ నీళ్లే.

బట్టీ_బాబాయ్
అందరూ ఫైర్ ఇటుక (ఎక్కువ వేడి తట్టుకునే ఇటుక) అంటారు గానీ, మన బేకరీల బట్టీలన్నీ ఏళ్ల తరబడి ఎర్రిటుక మీదే నడిచాయి. మంచి కాలిన ఇటుక, బంకమట్టి, బెల్లంనీళ్లు. ఏమీ కాలేదు.

పటమట_పిండి
బాబాయ్, మీరన్నది నిజమే, కానీ బేకరీ బట్టీ చల్లారదు. పొద్దున్నా రాత్రీ మండుతూనే ఉంటుంది. ఇంటి ఓవెన్ వారానికోసారి 35 డిగ్రీల నుంచి 450కి ఎక్కి మళ్లీ దిగుతుంది. ఇటుకని తినేది ఆ ఎక్కడం దిగడమే. పై పొర పెచ్చులుగా ఊడి పిజ్జా మీద పడుతుంది. ఓవెన్ లోపలి నేలకీ గుమ్మటానికీ ఫైర్ ఇటుకే వాడాలి. బయటి గోడకి, కింద దిమ్మకి ఎర్రిటుక హాయిగా వాడుకోండి.

బట్టీ_బాబాయ్
@పటమట_పిండి చల్లారడం మాట ఒప్పుకుంటా. అయినా ఎర్రిటుకతో అసలు కట్టకూడదంటే మాత్రం ఒప్పుకోను. ఖర్చు పెట్టలేనివాడు గుమ్మటం ఎర్రిటుకతో కట్టి, నేల ఒక్కటీ ఫైర్ ఇటుక వేసుకోవచ్చు. ఇటుకని ఇటుకతో కొడితే ఖణేల్మనాలి. మొద్దుగా మోగిందంటే సరిగా కాలలేదని అర్థం.

తెనాలి_తాపీ
బాబాయ్ చెప్పిన మార్గం కూడా పనికొస్తుంది, నేల మాత్రం రాజీ పడొద్దు. అసలు తప్పు నాపరాయి. అది సున్నపురాయి. పల్నాటి నాపరాళ్లు ఇంటి నేలకి బంగారం, నిప్పు కింద పెడితే పొరలు విడిపోయి చిట్లుతాయి. గ్రానైట్ కూడా వద్దు. అందులో పలుగురాయి (క్వార్ట్జ్) 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. అంతకన్నా తక్కువ వేడికే రకరకాల ఖనిజాలు తలోరకంగా సాగి బీటలిస్తుంది. గ్రానైట్ ముక్క ఉంటే ఓవెన్ ముందు, పళ్లేలు దించుకునే అరుగుకి వేసుకోండి.

రెండోది సిమెంటు మాలు. సిమెంటు గట్టిపడ్డప్పుడు దానిలో తయారయ్యే సున్నం 400 డిగ్రీలు దాటాక నీరు వదిలేస్తుంది. తర్వాత వాన తేమ తగిలితే మళ్లీ నీరు పీల్చి ఉబ్బి పొడి పొడిగా రాలుతుంది. కాబట్టి ఉత్త సిమెంటు వద్దు. కొలత తట్టల్లో: ఇసుక 3, సిమెంటు 1, సున్నం 1, ఫైర్‌క్లే (వేడి తట్టుకునే బంకమట్టి పొడి) 1. మొదట్లో పట్టు ఇచ్చేది సిమెంటు. వేడికి అది పోయాక పట్టు నిలిపేవి సున్నమూ ఫైర్‌క్లేనూ. సున్నం అంటే పిడుగురాళ్ల నుంచి వచ్చే పొడి సున్నం సంచులు చాలు, చల్లార్చినదై ఉండాలి. ఇసుక సన్నంగా జల్లించిన కృష్ణ ఇసుక. సూర్యలంక వైపు సముద్రపు ఇసుక ఎవరు ఊరికే ఇచ్చినా వాడొద్దు, ఉప్పు ఉంటుంది. రెండు గంటల్లో అయిపోయేంతే కలపండి. ఆరిపోతోందని నీళ్లు పోసి మళ్లీ కలిపిన మాలు నిలవదు.

గోరంట్ల_పెరడు
పొగగొట్టం పైన పెడితే ఏమవుతుంది? పొగ పైకే కదా పోయేది.

తెనాలి_తాపీ
పొగతో పాటు వేడి కూడా పోతుంది. ఈ ఓవెన్ ఎలా ఊపిరి తీస్తుందో చూడండి. ద్వారం కింది సగం నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. మంట గుమ్మటం వెనక గోడ ఎక్కి, కప్పు కింద పాకి, ద్వారం పై సగం నుంచి బయటికి వస్తుంది. ఆ పాకే మంటే పిజ్జా పైభాగాన్ని కాల్చేది. నెత్తిన రంధ్రం పెడితే మంట నేరుగా గొట్టంలోకి పోతుంది. కప్పు వేడెక్కదు. గొట్టం ద్వారానికి బయట, ముందు వసారా లాంటి చిన్న ఆర్చి మీద ఉండాలి. 36 అంగుళాల ఓవెన్‌కి ఆరంగుళాల వ్యాసం, మూడడుగుల ఎత్తు.

ద్వారం ఎత్తు గుమ్మటం లోపలి ఎత్తులో 63 శాతం. 18 అంగుళాల ఎత్తున్న గుమ్మటానికి పదకొండుంపావు. వెడల్పు 19 దాకా. ఎత్తు ఇంతకన్నా పెరిగితే వేడి జారిపోతుంది, తగ్గితే మంట ఊపిరాడక పొగ కక్కుతుంది. మీ హండీ మూతతో సహా పదిన్నర అంగుళాలు మించితే ఆ ద్వారంలో పట్టదు, ఇప్పుడే కొలిచి చూడండి.

గోరంట్ల_పెరడు
కొలిచాను, మూత పిడితో 12. పిడి తీసేసి మూతకి పిండి అంటిస్తే 10. సరిపోతుంది. 42 అంగుళాలు వద్దా అయితే?

పటమట_పిండి
ఇంటికి 36 చాలు. ఒకేసారి రెండు పిజ్జాలు, లేదా ఎనిమిది బ్రెడ్లు. 42 అయితే ఇటుక బరువు మూడోవంతుకు పైగా పెరుగుతుంది. ఆ బరువంతా వేడెక్కాలంటే అంత ఎక్కువ కట్టె, ఎక్కువ సేపు కావాలి. నలుగురికి వండే రోజున అది భారం.

మీ ప్లాన్‌లో అన్నిటికన్నా పెద్ద లోపం ఎవరూ ఇంకా అనలేదు. నేల కింద వేడిని ఆపే పొర లేదు. కాంక్రీట్ స్లాబు మీద ఇటుక నేరుగా పరిస్తే నేల వేడి మొత్తం స్లాబు తాగేస్తుంది. మొదటి పిజ్జా బాగా వస్తుంది, మూడోదానికి పైన మాడి అడుగు పచ్చిగా ఉంటుంది. గుమ్మటం ఎంత అందంగా కట్టినా ఇది తప్పదు.

సెంట్రింగ్_సివిల్
+1. పెట్టే డబ్బు ముందు అక్కడ పెట్టండి. వర్మిక్యులైట్ (వేడికి పొంగించిన తేలికైన ఖనిజం) 5 పాళ్లు, సిమెంటు 1 పాలు. 44 అంగుళాల వృత్తం, నాలుగంగుళాల మందం అంటే సుమారు 100 లీటర్లు. నొక్కుకుపోతుంది కాబట్టి వర్మిక్యులైట్ 120 లీటర్లు, సిమెంటు 35 కిలోల దాకా. నర్సరీ సామాను అమ్మేచోట దొరికేదే, ముతక రకం తీసుకోండి. ముందు సిమెంటూ నీళ్లూ పలచగా కలిపి, అందులో వర్మిక్యులైట్ పోసి చేత్తో తిప్పాలి. మిక్సర్‌లో ఎక్కువసేపు తిప్పితే పొరలు నలిగి గాలి పోతుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు కారాలి, అంతే. దిమ్మిస వద్దు, తాపీతో మెల్లగా అదమండి.

ఈ పొర నీళ్లు దాచుకుంటుంది. దిమ్మ మీది స్లాబు పోసేటప్పుడే మూడు చోట్ల 12 ఎంఎం గొట్టం ముక్కలు నిలువుగా పెట్టి రంధ్రాలు వదలండి. తేమ కిందికి దిగడానికి దారి ఉండాలి.

మంగళగిరి_మిరప
వర్మిక్యులైట్ ఖరీదు అనుకుంటే ఊక బూడిద ఉంది. రైస్ మిల్లు బాయిలర్ల దగ్గర కుప్పలు. ఉక్కు ఫ్యాక్టరీల్లో కరిగిన లోహం చల్లారకుండా పైన చల్లేది అదే. గుమ్మటం చుట్టూ ఎర్రిటుక గోడ కట్టి, మధ్యలో ఆరంగుళాల సందు నిండా బూడిద పోస్తే చాలు.

పటమట_పిండి
@మంగళగిరి_మిరప గుమ్మటం చుట్టూ అయితే సరే. నేల కింద మాత్రం వదులు బూడిద వద్దు, బరువుకి కుంగుతుంది. పోసేటప్పుడు మాస్కు తప్పనిసరి, అది సిలికా ధూళి. పైకప్పు కారకుండా చూసుకోవాలి. తడిస్తే బూడిద వేడిని ఆపదు.

తెనాలి_తాపీ
సెరామిక్ బ్లాంకెట్ (వేడిని ఆపే పీచు దుప్పటి) దొరికితే అదే మేలు. 25 ఎంఎం మందం, 128 డెన్సిటీ, రెండు పొరలు. రోలు 2 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు, అంటే 48 చదరపు అడుగులు. మీ గుమ్మటానికి రెండు పొరలకీ కలిపి 46 దాకా కావాలి. కోత ముక్కలన్నీ అతికించుకుంటేనే ఒక రోలు సరిపోతుంది. వంటగది కత్తితో కోయొచ్చు. ఫుల్ చేతుల చొక్కా, గ్లవ్స్, ఎన్95 మాస్కు వేసుకోండి, ఆ పీచు ఊపిరితిత్తులకి మంచిది కాదు. మీద కోడి వల చుట్టి బిగించి ఆపైన ప్లాస్టర్.

పుట్టమన్ను
ఇంత ఖర్చు లేకుండా మట్టి ఓవెన్ కూడా చెప్పండి ఎవరైనా. లేకపోతే నేను చెబుతా. 27 అంగుళాల లోపలి వ్యాసం. నేల ఫైర్ ఇటుకే. గుమ్మటం పుట్టమన్నుతో. మన పొయ్యిలన్నీ దాంతోనే కదా అలికేది. నల్లరేగడి పనికిరాదు, ఆరేటప్పుడు ముడుచుకుని పగులుతుంది.

మన్ను పరీక్ష: తడిపి వేలెడు మందం తాడులా చేసి వేలికి చుట్టండి. విరగకపోతే బంక సరిపోయినట్టు. తర్వాత మన్ను 1, ఇసుక 2 లేదా 3 కలిపి కాళ్లతో తొక్కాలి. ముద్ద చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. చదునుగా పరుచుకుపోతే నీళ్లు ఎక్కువ. చెదిరితే నీళ్లో బంకో తక్కువ. గుండ్రంగానే ఉండి చిన్న పగుళ్లు మాత్రం వస్తే సరి. మొదటి పొర నాలుగంగుళాలు, ఇందులో గడ్డి కలపొద్దు. రెండో పొరలో సగానికి సగం వరిపొట్టు. ఆ పొట్టు కాలిపోయి ఖాళీలు మిగులుతాయి, వేడిని అవే ఆపుతాయి. పైన పేడ, సున్నం పూత.

నాగుల చవితికి పాలు పోసే పుట్ట జోలికి పోకండి. పాడుబడ్డ పుట్ట చూసుకుని, అది కూడా గడ్డపారతో దూరం నుంచి తట్టి చూశాకే చెయ్యి పెట్టండి.

బట్టీ_బాబాయ్
చివరి మాట ప్రతి ఒక్కరూ చదవాలి.

గోరంట్ల_పెరడు
ఇటుకతోనే వెళ్తాను. ఎన్ని కావాలి, ఎలా పేర్చాలి?

తెనాలి_తాపీ
9 × 4½ × 3 సైజు. నేలకి 30, గుమ్మటానికి 75, ఆర్చి, ముందు వసారాకి 25, విరిగేవాటికి 10. మొత్తం 140. ఒక్కోటి దాదాపు నాలుగు కిలోలు.

నేల: వర్మిక్యులైట్ పొర కనీసం పది రోజులు ఆరాక, ఇసుకా ఫైర్‌క్లే సమంగా కలిపిన పొడి పావంగుళం పరచండి. దాని మీద ఇటుకలు చేపముల్లు వరసలో, మాలు లేకుండా, ఒకదానికొకటి ఆనించి. వరస ద్వారానికి ఏటవాలుగా ఉండాలి, అప్పుడు తెడ్డు అంచులకి తగలదు. ఒక ఇటుక లేస్తే తీసి కింద గీకి మళ్లీ దించండి. గుమ్మటం ఈ నేల మీద కూర్చోకూడదు, చుట్టూ వేరుగా లేవాలి. మధ్యలో అయిదు మిల్లీమీటర్ల సందు వదిలి బూడిద నింపండి. పదేళ్లకి నేల ఇటుక అరిగితే గుమ్మటం కదపకుండా మార్చుకోవచ్చు.

గుమ్మటం: ఇటుకని సగానికి కోసి, 4½ × 3 ముఖం లోపలికి వచ్చేలా పేర్చాలి. కోయడానికి నాలుగంగుళాల గ్రైండర్, డైమండ్ బ్లేడ్. చుట్టూ అంగుళం లోతు గాటు పెట్టి ఉలితో ఒక్క దెబ్బ కొడితే సమంగా విరుగుతుంది. నేల నడిమధ్య ఒక మడతబందు బిగించి దానికి 18 అంగుళాల ఊచ తగిలించండి. ప్రతి ఇటుక లోపలి ముఖం ఆ ఊచ కొనకి తగిలితే గుమ్మటం గుండ్రంగా వస్తుంది. లోపలి వైపు సందు రెండు మూడు మిల్లీమీటర్లే. బయటికి వెడల్పయ్యే సందులో ఇటుక చెక్కలు కొట్టి మాలు నింపాలి. ఒట్టి మాలుతో అంగుళం సందు నింపితే అది ముడుచుకుని ఊడుతుంది. ఇటుకని పెట్టేముందు నీళ్లలో ముంచి తీయండి. పొడి ఇటుక మాలులో నీరంతా తాగేసి అతుక్కోదు.

అయిదో వరస దాటాక ఇటుక జారుతుంది. అప్పుడు ఊచ తీసేసి లోపల తడి ఇసుక దిబ్బ పోసి, పైన తడి పేపర్లు పరిచి పేర్చండి. దిబ్బ మొత్తం మొదటినుంచే పోస్తే సిమెంటు బస్తాల లెక్కన ఆరు పడుతుంది. మూడు రోజులాగి ద్వారం నుంచి తోడేయండి.

సెంట్రింగ్_సివిల్
ముందు ఆర్చిని గుమ్మటానికి మాలుతో అతికించొద్దు. గుమ్మటం వేడికి పెరుగుతుంది, ముందు భాగం చల్లగా ఉంటుంది. మధ్యలో 10 ఎంఎం సందు పెట్టి సెరామిక్ తాడు కూరండి.

ఆటోనగర్_వెల్డింగ్
తలుపు, గొట్టం బెజవాడ ఆటోనగర్‌లో చేయించుకోండి. గొట్టం 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుది. మామూలు ఇనుప రేకు రెండు వర్షాకాలాలకి తుప్పు తింటుంది. తలుపు రెండు రేకుల మధ్య బ్లాంకెట్ ముక్క పెట్టి చేయించండి, పిడి కర్రది. గాల్వనైజ్డ్ రేకు లోపల ఎక్కడా వాడొద్దు, వేడికి జింకు పొగ వస్తుంది.

మంగళగిరి_మిరప
ముఖం ఎటు పెట్టాలి? మా పెద్దవాళ్లు ఆగ్నేయ మూల, తూర్పు ముఖంగా వండాలంటారు.

సెంట్రింగ్_సివిల్
ఆగ్నేయ మూల పెట్టుకోవచ్చు, ఇబ్బంది లేదు. తూర్పు ముఖంగా నిలబడి వండాలంటే ఓవెన్ నోరు పడమరకి తెరుచుకోవాలి. మేలో పడమటి వడగాలి నేరుగా నోట్లోకి కొట్టి పొగని వంటవాడి మీదకి తోస్తుంది. రెండూ కావాలంటే నోటికి ఆరడుగుల ఎదురుగా అయిదడుగుల అడ్డుగోడ కట్టండి. వాస్తు పట్టింపు లేకపోతే ఉత్తరం వైపు తిప్పండి. పైన తాటాకు పందిరి మాత్రం వద్దు, రేకు వేసి గొట్టాన్ని రేకు పైకి తీయండి. ఆకాశం కింద వదిలేస్తే కార్తీక మాసపు తుపానుకి బ్లాంకెట్ నానిపోతుంది.

కట్టెల_అడితి
కట్టె గురించి నేను. సర్కారు తుమ్మ, నల్లతుమ్మ, సరుగుడు: ఈ మూడూ మేలు, గట్టి నిప్పు. సుబాబుల్ త్వరగా రాజుకుని త్వరగా అయిపోతుంది, మొదట వేడెక్కించడానికి బాగుంటుంది. మామిడి బాగా ఆరితేనే. జామాయిల్, వేప వద్దు, వాసన పడుతుంది. పాత తలుపులు, ప్లైవుడ్, రంగు వేసిన కర్ర అసలు వద్దు. ఇక్కడ పత్తి కట్టె, మిర్చి కట్టె ఊరికే దొరుకుతుంది కదా అని రాజేయడానికి వాడుతుంటారు. ఆ పైరుకి ఎన్నిసార్లు మందు కొడతారో మనకి తెలుసు, తినేదాని కింద అది మండించకండి. కొబ్బరి డొక్క చాలు.

మణికట్టు మందంగా చీల్చి ఆరు నెలలు రేకు కింద ఆరబెట్టాలి. ఒక ముక్క మీద తేదీ, బరువు రాసి పెట్టి నెలకోసారి తూయండి. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు.

గోరంట్ల_పెరడు
కట్టాక ఎన్ని రోజులకి మంట పెట్టొచ్చు? మేస్త్రి మర్నాడే పెట్టేయొచ్చంటున్నాడు.

పటమట_పిండి
మర్నాడు పెడితే మాలులో నీరు ఆవిరై దారి లేక ఇటుకనీ మాలునీ పగలగొడుతుంది. వారం రోజులు తడి గోనె కప్పి ఉంచండి, ఇంకో వారం నీడన ఆరనివ్వండి. తర్వాత బ్లాంకెట్ చుట్టి, ప్లాస్టర్ చేయకముందే చిన్న మంటలు: మొదటి రోజు 100 డిగ్రీలు, నాలుగైదు గంటలు. బొగ్గు కుంపటి లోపల పెట్టినా చాలు. తర్వాత రోజుకి 50 చొప్పున పెంచుతూ 350 దాకా. మధ్యలో ఆగినా ఫర్వాలేదు, తొందరపడితేనే పోతుంది.

ఆరిందో లేదో తెలియాలంటే బ్లాంకెట్ పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పండి. మంట పెట్టిన అరగంటకి దాని లోపలి వైపు ముత్యాల్లా చెమట పడుతుంది. కాగితం పొడిగా ఉన్న రోజు ప్లాస్టర్ మొదలుపెట్టండి. ప్లాస్టర్ నెత్తిన వేలు దూరేంత రంధ్రం వదిలి చిన్న మూత పెట్టండి, మిగిలిన ఆవిరి అక్కడి నుంచి పోతుంది. లోపల గోరు పట్టనంత సన్నటి పగుళ్లు వస్తాయి, కంగారు పడొద్దు.

వాడకం: 8 నుంచి 12 కిలోల కట్టె, గంటన్నర. గుమ్మటం మొదట మసితో నల్లబడుతుంది. 350 దాటాక ఆ మసి కాలిపోయి నడినెత్తి నుంచి కిందికి ఇటుక తెల్లగా తేలుతుంది. నిప్పు పక్కకి తోసి, నేల 370 నుంచి 400 మధ్య ఉంటే పిజ్జా. 250కి దిగాక బ్రెడ్డు. వేడి చూసే గన్ 550 దాకా చూపించేది కొనండి.

మంగళగిరి_మిరప
తలుపు మూసి వదిలేస్తే మర్నాటికి ఎంత ఉంటుంది?

పటమట_పిండి
కిందా పైనా వేడి ఆపే పొర సరిగ్గా ఉంటే పొద్దున్నకి 200 పైన. కోడి, కుండ పప్పు, బిస్కెట్లు. ఆ తర్వాతి రోజుకి వందకి అటూ ఇటూ. వాన పట్టిన రోజుల్లో వడియాలు, ఊరమిరపకాయలు అందులోనే ఆరిపోతాయి.

గోరంట్ల_పెరడు
ఇవాళ తవ్వించాను. 7 × 8 అడుగులు, మూడడుగుల లోతు. అడుగున కూడా నల్లమన్నే. ఇంకా తవ్వాలా?

సెంట్రింగ్_సివిల్
అక్కర్లేదు. మూడడుగుల కింద కూడా తేమ ఎండాకాలానికీ వానాకాలానికీ మారుతుంది గానీ పైపొరలో అంత కాదు, ఉబ్బడం తక్కువ. అడుగున నాలుగంగుళాలు ఇసుక పరిచి గ్రావెల్ మొదలుపెట్టండి. గుంట 168 ఘనపుటడుగులు. ఇసుక పోగా గ్రావెల్ 150, దిమ్మిస కొడితే అణుగుతుంది కాబట్టి 200 తోలించండి. ట్రాక్టర్ తొట్టి టేపు పెట్టి కొలిచాకే దింపించుకోండి.

గోరంట్ల_పెరడు
రేపు పొద్దున్న ట్రాక్టర్ వస్తోంది. దిమ్మిస మనిషితో సరిపోతుందా, మిషన్ తేవాలా?

తెనాలి_తాపీ
ఆ మాత్రం గుంటకి మిషన్ తెచ్చుకోండి, సగం పూటలో అయిపోతుంది. ఆరంగుళాల పొర నాలుగున్నర అంగుళాలకి దిగేదాకా కొట్టించి, గడ్డపార బలంగా గుచ్చి చూడండి. అంగుళం మించి దిగితే ఆ పొర మళ్లీ తడిపి కొట్టించాలి.